కక్కుల వాగు

కక్కుల వాగు పేరెత్తితే మా ఊళ్ళో తినేవాళ్ళు ముద్ద పక్కన పెట్టేస్తారు. ఛీ... చెబుతుంటేనే నాకు నోట్లో నీళ్ళూరుతున్నాయి. వాంతికి ముందు ఊరతాయే, ఆ నీళ్ళు.

కొండ మీద, మూడు నాలుగు వందల ఏళ్ళ బునా అనే అడవి చెట్ల మధ్యన ఉంది ఆ వాగు. పొద్దు వాలితే అక్కడ ఎవరో కక్కుతున్న చప్పుడు. మనిషి మాత్రం కనపడడు. ఎండిన చెట్టుకి పచ్చటి వెలుగు... ఆ తర్వాత పేరు పెట్టి ఒక పిలుపు. ఒక్కటే.

మనిషైతే రెండుసార్లు పిలుస్తాడు. మా కొండ మీద కట్టుబాటు అది. ఒంటిపిలుపు పిలవకూడదు, ఒంటిపిలుపుకి పలకకూడదు. ఆ వాగు దగ్గరైతే అసలు నోరే తెరవకూడదు.

కొండ మొదట్లో కొండెక్కేవాళ్ళు దిగే బస నాదే. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ బురద కాళ్ళు, చెమట మేజోళ్ళ కంపు భరిస్తున్నా. కాబట్టి నాకు అసహ్యాలు కొత్త కాదు. అయినా హిసావో చెప్పింది విన్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.

హిసావో మా ఊరి తోమెకిచి ముసలాడి కూతురు కినుయోని చేసుకుని ఇల్లరికం వచ్చిన అల్లుడు. పట్నం పిల్లాడు. ముసలాడికి వాడంటే చులకన. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ముసలాడు. "నా ఇంటి పేరు మోస్తావు, నా కొండ తెలియకపోతే ఎట్లా?" అని ఆకులు పండే రోజుల్లో వాణ్ణి వెంటేసుకుని పైకెళ్ళాడు.

మధ్యాహ్నం, ఒరిగిపోయిన బునా మాను నిండా పుట్టగొడుగులు. బొద్దుగా, తేమగా, ఒకదాని మీద ఒకటి. హిసావో ఒకటి తెంపి కాడ చీల్చాడు. లోపల నల్లటి మచ్చ... దాని పక్కన తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"మావయ్యా, ఇది విషప్పుట్టగొడుగేమో..."

"తెలుసులేవోయ్. విషమున్నా ఫర్వాలేదు. దీనికేగా ఇవి మోసుకొచ్చింది!" అంటూ ముసలాడు సంచీలోంచి రెండు వంకాయలు తీశాడు. వంకాయ వేసి ఉడికిస్తే విషం విరుగుతుందని మా ముసలాళ్ళ నమ్మకం. ఏ వంకాయా ఏ విషాన్నీ విరవదు. చెబితే వింటారా?

పులుసు చేసుకుని రెండు గిన్నెలు జుర్రాడు. పురుగులు తేలుతుంటే గరిటెతో పక్కకి నెట్టాడట. థూ! హిసావో ముట్టుకోలేదు.

"పట్నం కడుపు!" అని వెక్కిరించి, "ఇక్కడే ఉండు, వాగు అవతల ఇంకో మాను చూసొస్తా" అని వెళ్ళాడు ముసలాడు.

గంటలు గడిచి పొద్దు వాలింది. పొగమంచు దిగింది. ముసలాడు రాలేదు.

పాపం, హిసావో లేచి వెతుక్కుంటూ వాగు దాకా వెళ్ళాడు. పిలుద్దామంటే నోరు తెరవకూడదాయె. ఎలుగులు దగ్గరికి రాకుండా నడుముకి కట్టుకున్న గంట తప్ప చప్పుడు లేదు. ఆకులన్నీ మంచుకి తడిసి బూట్ల కింద జిగురు జిగురుగా...

అప్పుడు వినిపించింది.

"హిసావో—"

మావయ్య గొంతే. ఒక్కసారే.

వాడు ఊపిరి బిగబట్టి రెండో పిలుపు కోసం చూశాడు. రాలేదు. దాని బదులు... పేగులు నోటిదాకా వచ్చినట్టు ఒకటే కక్కు. ఆగడం, మళ్ళీ కక్కడం. ఎదురుగా ఎండుమాను నిండా పచ్చటి వెలుగు, పెదాల్లా తెరుచుకుని.

వాడు పరుగో పరుగు.

చీకటి పడ్డాక నా గుమ్మంలో పడ్డాడు. "హత్సు అత్తా, మావయ్య రాలేదు... అది పిలిచింది... ఒక్కసారే..."

"తర్వాత?"

"కక్కింది."

"మీరేం తిన్నార్రా?"

చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఓరి దద్దమ్మా! కక్కుకునేవాడు రెండోసారి ఎట్లా పిలుస్తాడ్రా? అవి వెన్నెల పుట్టగొడుగులు, చీకట్లో వెలుగుతాయి! నీ మామ అక్కడ చస్తుంటే వదిలేసొచ్చావా? పద!"

టార్చీ పట్టుకుని పరిగెత్తాం. దారంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. "చనిపోతే నేను కినుయోకి మొహం ఎట్లా చూపించను అత్తా..." నేను ఓదార్చలేదు.

వాగుకి ఇవతల, ఆ వెలిగే మాను దగ్గరికి చేరగానే నా కాలు సర్రుమని జారింది. చీలమండ దాకా కక్కులో దిగబడింది. చిక్కగా, నురగ నురగగా... బూటు కుట్లలోంచి లోపలికొచ్చింది. వెచ్చగా ఉంది. ఆ పుల్లటి కంపుకి ముక్కు మూసుకున్నా.

ముసలాడు అక్కడ లేడు. వాగు అవతల, నలభై అడుగుల దూరంలో రాయి వెనక దొరికాడు. బతికే ఉన్నాడు. కండువా నోటికి బిగించి కట్టుకుని, కళ్ళు తేలేసి. ముడి విప్పానో లేదో, కడుపులో ఉన్నదంతా నా ఒళ్ళో కుమ్మరించాడు. ఛీ ఛీ!

ఇద్దరం మోసుకుని దించాం. ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు.

మూడో రోజు ఇంటికొచ్చాడంటే చూడ్డానికెళ్ళాను. నా మనసు తేలిగ్గా ఉంది. దెయ్యం లేదు, గాడిదగుడ్డూ లేదు. తరతరాలుగా వంకాయల్ని నమ్మిన వెధవల కక్కే ఆ వాగు కథంతా అనుకున్నా.

హిసావో చాప మీద నుదురు ఆనించి ఉన్నాడు. "క్షమించండి మావయ్యా. మీరు పిలిచారు. నేను పలకలేదు."

ముసలాడు దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాడు.

"నేనెక్కడ పిలిచానోయ్? పిలిచింది నువ్వు. 'మావయ్యా' అని... ఒక్కసారి."

"నేనా? నేను నోరే తెరవలేదు, మీరు చెప్పినట్టే..."

"ఆ పిలుపుకే హడలిపోయి కండువా కట్టుకున్నా. వచ్చిన ప్రతి కక్కూ మళ్ళీ మింగాను. చప్పుడు చేస్తే అది నా దగ్గరికొస్తుందని."

"మరి ఇవతల ఆ మాను దగ్గర కక్కింది నువ్వు కాదా?" అన్నాను నేను.

"ఏ మాను? నేను వాగు అవతలికెళ్ళాక మళ్ళీ ఇటు రాలేదు హత్సూ. ఇటువైపు నేనేమీ కక్కలేదు."

 హిసావో మెల్లగా తలెత్తాడు. ముగ్గురం గుమ్మంలో నేను విప్పొచ్చిన ఆ రాత్రి బూట్ల వైపు చూశాం.