మునిగిపోయినవాళ్ళ చర్చి

అసుర సంధ్య వేళ...! దక్షిణ సముద్రం నల్లగా పొంగుతోంది. అడిలైడ్‌కు దూరంగా, కొండ అంచున ఒంటరిగా నిలిచిన చిన్న రాతి చర్చి కప్పు మీద గుడ్లగూబ వికృతంగా అరిచింది!

"ఈ వేళప్పుడు, ఈ వానలో, ఇలాంటి చోటికెందుకే?" వసుంధర మనవరాలి చెయ్యి వదల్లేదు. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటోంది.

"నీ అసురులకి ఆస్ట్రేలియా టైమ్ తెలీదులే బామ్మా. జస్ట్ ఫైవ్ మినిట్స్!"

యూనివర్సిటీలో పాత కట్టడాల గురించి చదువుతున్న అమూల్య ఆమధ్య ఈ చర్చి తాళంచెవి తెచ్చుకుంది. అప్పటినుంచీ ఆ పిల్ల తిండీ నిద్రా మానేసింది. వసుంధర దిగులంతా అదే.

ఈ చర్చి ఇక్కడ పుట్టింది కాదు. ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఇంగ్లండు తీరంలో ఆల్డ్రిక్ అనే సన్యాసి కట్టించాడు. పైకి సన్యాసి... లోపల ఘోర క్షుద్రోపాసకుడు! తుఫానులో దొంగ దీపం చూపి ఓడలను ముంచేవాడు. మునిగినవారి ప్రాణాలను గోడ రాళ్ళలో బంధించేవాడు. చివరికి ఊరివాళ్ళు అతని తల నరికి బలిపీఠంలో పూడ్చారు. ఆ సంగతి ఎరుగని ఒక ఓడల వ్యాపారి, చాలా కాలం తర్వాత, రాళ్ళన్నీ ఊడదీయించి తెచ్చి ఇక్కడ మళ్ళీ పేర్పించాడు. కపాలమూ వాటితోనే వచ్చింది! నాటినుంచి ఈ తీరంలో మునిగినవారు కూడా ఆ గోడల్లోకే...

పదేళ్ళ క్రితం ఈ నీళ్ళలోనే ఈతకు దిగిన ఉపేంద్ర, వసుంధర కొడుకు, అమూల్య తండ్రి, తిరిగి రాలేదు. శవం దొరకలేదు. దొరకలేదు గనక పోలేదని వసుంధర పట్టు. కర్మ చెయ్యనివ్వలేదు. తిలోదకాలు వదలనివ్వలేదు.

లోపల అడుగు పెట్టగానే తలుపు ధన్‌మని మూసుకుంది! బలిపీఠం మీద అమూల్యే ముందే తవ్వి తీసిన కపాలం! ఆ పిల్ల జుట్టు విరబోసుకుని, కళ్ళు తేలవేసి, మగ గొంతుతో వికటంగా నవ్వింది.

"తండ్రిని చూపిస్తానంటే తనే వచ్చింది! దీని ప్రాణంతో నాకు మళ్ళీ దేహం వస్తుంది!"

"నీ మొహం మండ! నా పిల్లని వదలరా!"

"అమ్మా..." అంది గోడ. ఉపేంద్ర గొంతు!

"పిల్లని వదిలి పో ముసలిదానా! రోజూ వచ్చి నీ కొడుకుతో మాట్లాడుకో..." అంది మళ్ళీ ఆ మగ గొంతు.

వసుంధర పదేళ్ళుగా ఆ పిలుపు కోసమే బతికింది. కానీ అమూల్య ముక్కులోంచి ఉప్పునీరు కారుతోంది... "బామ్మా... ఐ కాంట్ బ్రీద్..."

చిన్నప్పుడు వసుంధర తండ్రి గోదావరిలో స్నానం చేసి, పిండిన తడిబట్ట నీళ్ళను దిక్కులేని ప్రేతాలకు వదిలేవాడు. అది గుర్తొచ్చి వసుంధర మోకాళ్ళ మీద కూలబడి, వానకు తడిసిన కొంగు రాతినేల మీద పిండింది.

"నా అన్నవాళ్ళు లేనివాళ్ళందరూ ఈ నీళ్ళు తాగి వెళ్ళండి నాయనలారా!"

రాళ్ళు మూలిగాయి! నాచు పట్టిన నావికులు, జాలర్లు గోడలు చీల్చుకుని లేచారు.

"ఆపవే!" ఆల్డ్రిక్ గర్జించాడు. "ఈ ఒక్క రాయీ కదలదు! వీడికి తల్లి ఉంది. వీడొక్కడు చాలు నాకు!"

అవును... ఉపేంద్ర దిక్కులేనివాడు కాడు. వాడి నీళ్ళు వాడి పేరుతోనే వదలాలి. వసుంధర మళ్ళీ కొంగు పట్టుకుంది. చేతులు మొరాయించినా పిండింది.

"ఉపేంద్రా... నువ్వు పోయావురా. తాగు నాయనా... వెళ్ళు!"

ఆఖరి రాయి భళ్ళున పగిలింది! విడుదలైన ప్రాణాలన్నీ ఒక్క కెరటమై కపాలం మీద విరుచుకుపడ్డాయి. గావుకేక...! కపాలం చోట పిడికెడు సున్నం మిగిలింది. తలుపు తెరుచుకుంది.

అమూల్య దగ్గుతూ లేచింది. "బామ్మా... డాడీ?"

"పోయాడమ్మా," అని, వసుంధర పదేళ్ళలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.