ఎనిమిదింపావు స్కానింగు

నేను ఆసుపత్రిలో స్కానింగు టెక్నీషియన్ని. మొదటి పేషెంటు తొమ్మిదికి వస్తుంది. ఆలోపు మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి. రోజూ ఎనిమిదింపావుకి తలుపు గడియ పెట్టి, జెల్ రాసుకుని, నా పొట్ట మీదే చూసుకునేదాన్ని. పేరు గడిలో "టెస్ట్" అని కొట్టేదాన్ని. రెండేళ్ల కిందట అలాగే దొరికింది, ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ.

నీటిబుడగలైతే భయం లేదు. నెలనెలా అండం తయారయ్యే చోట వస్తాయి, రెండు మూడు నెలల్లో చాలావరకు వాటంతటవే పోతాయి. నాది ఆ రకం కాదు. పుట్టుకతో ఉన్న కణాల నుంచి పెరిగే డెర్మాయిడ్. లోపల కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. అది దానంతటది పోదు. ఇంత తెలిసీ రోజూ కొలిచి, కింద "రేపు చూద్దాం" అని రాసి మూసేసేదాన్ని. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉండేది. సిగ్గో, బద్ధకమో. పేషెంట్లకు మాత్రం జాగ్రత్తలు గడగడా చెప్పేదాన్ని.

మా అక్క ఇక్కడే ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఆరు వారాల కిందట గడ్డ మెలి తిరిగి, వాంతులతో నేను కుప్పకూలినప్పుడు, నల్లబడిన ఎడమ అండాశయం తీసేయడం ఆమె కళ్లారా చూసింది.

"కుడిదైనా కాపాడుకోవే. పిల్లలు కావాలంటే ఇక అదొక్కటే దిక్కు. కొందరికి రెండోవైపూ వస్తుంది," అంది.

తలూపాను. ఏడుపు రాలేదు. పొత్తికడుపుకి అడ్డంగా వేసిన కోత చుట్టూ చర్మం మొద్దుబారిపోయింది. నేనూ అంతే.

ఇవాళ మళ్లీ డ్యూటీలో చేరాను. నేను లేనన్నాళ్లూ పేషెంట్లను కింది అంతస్తుకు పంపి ఈ గదికి తాళం వేశారు. తలుపు తీసేసరికి ఎనిమిదీ ఇరవై. మూసిన గది వాసన. దాంతోపాటు పచ్చి జెల్ వాసన. మిషను ఆన్‌లో ఉంది, సన్నగా రొద చేస్తోంది. మంచం మీద పరిచిన కాగితం నలిగి ఉంది. చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది...

"టెస్ట్" ఫైలు తెరిచాను. కొత్త బొమ్మలు నలభై రెండు. రోజుకొకటి. అన్నీ ఎనిమిదింపావుకే. ఎడమవైపు గడ్డ ఆరు... ఆరున్నర... ఏడు. తీసి పారేసిన గడ్డ పెరుగుతూనే ఉంది. ప్రతి బొమ్మ కిందా "రేపు చూద్దాం".

చివరిది ఇవాళ్టిది. ఐదు నిమిషాల కిందటిది.

కుడివైపు. ఒక సెంటీమీటరు.

చొక్కా ఎత్తి చూసుకున్నాను. పొట్ట మీద, కుడివైపు, జెల్ తడి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో నాకు తెలియనే లేదు. చర్మం మొద్దుబారిన చోటది.

భయం వేయాలి కదా అనుకున్నాను. వేయలేదు. అక్కకు ఫోన్ చేశాను.

"ఏమైందే? నొప్పా? ఉండు, ఇప్పుడే వస్తా. డాక్టరమ్మకు చూపిద్దాం."

రమ్మని చెప్పబోయాను. వెనక మంచం మీద కాగితం మెల్లగా నలిగిన చప్పుడైంది.

అవతల అక్క నిట్టూర్చింది.

"మళ్లీ రేపేనా? సరే, నీ ఇష్టం," అని పెట్టేసింది.

నేనింకా నోరు తెరవలేదు.