రాగిరేకుకు పూసిన గుగ్గిలం

ఆసిఫాబాద్ నుంచి వచ్చిన బస్సు మంచిర్యాలలో ఆగింది. అందరూ దిగిపోయినా కిటికీ పక్కన ఒక పెద్దమనిషి నిద్రపోతూనే ఉన్నాడు. కండక్టర్ భుజం తట్టాడు. మనిషి పక్కకి ఒరిగిపోయాడు. మెడ వెనుక ఆవగింజంత రక్తపు చుక్క.

చనిపోయినవాడి పేరు లింగమూర్తి. పైకి కలప వ్యాపారి, లోపల మన గూఢచారి. హంతకులు అతని జేబులన్నీ వెతికారు గాని చెప్పు అడుగు విప్పి చూడలేదు. అందులో ఉన్న కాగితం మీద మూడే ముక్కలు: వెదురు తెప్ప. గోదావరి వంతెన. ఆర్మీ స్పెషల్.

మర్నాడు పొద్దున హైదరాబాదులో చీఫ్ గదిలో ఏజెంట్ సెవెంటీన్ జగపతిరావు ఆ కాగితం చదివి మడతపెట్టాడు.

"లింగమూర్తికి ముగ్గురు ఆడపిల్లలు" అన్నాడు చీఫ్.

"కాగితం భద్రంగానే అందింది కదా సార్" అన్నాడు జగపతిరావు.

అతను అలాంటివాడే. మనిషి పోతే, పోయిన మనిషి ఏం మోసుకొచ్చాడో చూస్తాడు. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క మిషన్ ఓడిపోలేదు. ఆ గెలుపుల్లో ఎంతమంది కూలిపోయారో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

అది 1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం జరుగుతోంది. ఆరువందల మంది సిపాయిలతో ఉత్తరానికి వెళ్లే ఆర్మీ స్పెషల్ సోమవారం సాయంత్రం నాలుగూ పదికి రామగుండం దాటి గోదావరి వంతెన ఎక్కుతుంది. శత్రుదేశపు ముఠా ఒకటి గనిలో దొంగిలించిన డైనమైట్‌ను వెదురు తెప్ప కింద కట్టి, వరదలో వదిలి, రైలు వంతెన మీద ఉండగా స్తంభం దగ్గర పేల్చబోతోంది.

"అన్ని తెప్పలనూ ఆపేస్తే?" అడిగాడు జగపతిరావు.

"ముఠా పారిపోయి ఇంకో వంతెన వెతుక్కుంటుంది. ఏ తెప్పో కళ్లతో చూసి చెప్పాలి. వెదురు తేలుతూ వస్తుంది. బరువున్న తెప్ప సగం మునిగి వస్తుంది. వంతెనకు మైలు ఎగువన, నది మధ్యలో పడవ మీద నువ్వుంటావు. నీ దగ్గర ఇదుంటుంది."

బల్ల మీద బూడిదరంగు ఇనప్పెట్టె. విశాఖలో ఒక ఓడ నుంచి ఊడదీసి తెచ్చిన మెరైన్ రేడియో.

"సముద్రం ఎక్కడుంది సార్ మనకు?"

"పడవ ఉంది చాలు" అని రేడియో ఇంజనీరు అందుకున్నాడు. "ఓడంటే ఇనుము. చెక్క పడవకు ఎర్త్ ఉండదు. అందుకని పడవ అడుగున, నీళ్లలో మునిగేలా, రెండడుగుల రాగిరేకు బిగించాలి. దాని బోల్టు నుంచి తీగ తెచ్చి పెట్టెకు కలపాలి. మీట నొక్కి మాట్లాడండి. వదిలి వినండి. నొక్కినప్పుడు ఈ మీటర్‌లో ముల్లు లేవాలి. లేవకపోతే మీరు మీతోనే మాట్లాడుకుంటున్నారని అర్థం."

పడవ కోడ్‌నేమ్ కొంగ. మంచిర్యాల స్టేషన్ క్యాబిన్‌లో ఉండే బేస్ పేరు గూడు. తెప్ప కనిపిస్తే చెప్పాల్సిన మాట, "గోదావరి ఎర్రబడింది."

"శత్రువు మన గొంతుతో మాట్లాడొచ్చు" అన్నాడు జగపతిరావు. "మెసేజ్ మూడుసార్లు రావాలి. తర్వాత పాస్‌వర్డ్ అడగాలి. అప్పటిదాకా గూడు కదలకూడదు."

"గుడ్" అన్నాడు చీఫ్. రూల్ ఫైల్లోకి ఎక్కింది.

తలుపు తోసుకుని సెంటు వాసన ముందు వచ్చింది, వెనుక జానకీబాయి వచ్చింది. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, చేతిలో ముత్యాల వ్యానిటీ బ్యాగు. కోడ్‌నేమ్ రోజా. ఆదిలాబాద్ మనిషి. రెండేళ్లుగా ముఠాలో చేరి, వాళ్ల కబుర్లు మనకు చేరవేస్తోంది. అలాగని ఫైల్లో ఉంది మరి.

* * *

మంచిర్యాల రేవులో గంగపుత్రుడు రాయమల్లు పడవ కుదిరింది. నలభై దాటిన మనిషి, తక్కువ మాటలు. జగపతిరావు చేపల కాంట్రాక్టర్ వేషంలో వచ్చాడు, జానకీబాయి అతని భార్య. పడవను ఒడ్డుకు లాగి బోర్లించి రేకు బిగిస్తుంటే రాయమల్లు భార్య పోశవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని చూసింది.

"గింత మంచి రాగి గంగల ముంచుతరా దొరా? బిందె అయితుండె గదా!"

పడవకు ముందొకటి, వెనకొకటి వెదుర్లు నిలిపి, మధ్యన ఏరియల్ తీగ కట్టారు. చూసేవాళ్లకు అవి వల ఆరేసుకునే వెదుర్లు. బ్యాటరీ చేపల గంపలో ఉంది. శుక్రవారం టెస్ట్ చేస్తే ముల్లు చటుక్కున లేచింది, గూడు ఖంగుమని పలికింది. ఆ తర్వాత రేడియో సైలెన్స్. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక్కసారి మాత్రం బేస్‌తో మాట్లాడి, సోమవారం సంగతి ఖాయం చేసుకోవాలి.

శని, ఆది రెండు రోజులూ జగపతిరావు నది ఎగువన తెప్పల కోసం తిరిగాడు. ఆదివారం ఐదింటి పని జానకీబాయికి అప్పజెప్పాడు. రాత్రి ఆమె రిపోర్ట్ చేసింది.

"రైలు టైమ్ మారింది రావుసాబ్. నాలుగూ పదికి కాదు, ఆరింటికి. తెప్ప కూడా ఐదున్నర దాటాకే వస్తుంది."

సోమవారం మూడూ ముప్పై ఐదుకే తెప్ప వచ్చింది.

నది మధ్యలో ఒక బండకు పడవను కట్టేసి ఉంచారు. ఎగువన మలుపు దగ్గర నాలుగు తెప్పలు కనిపించాయి. మూడు బెండుల్లా తేలుతున్నాయి. నాలుగోది నీళ్లలో సగం దిగి, బద్ధకంగా, ఒడ్డు వార నెమ్మది నీళ్లలో వస్తోంది. జగపతిరావు బైనాక్యులర్స్ దించి మీట నొక్కాడు.

"కొంగ కాలింగ్ గూడు. ఓవర్."

ముల్లు కదల్లేదు. మళ్లీ నొక్కాడు. బ్యాటరీ తీగలు చూశాడు, ఏరియల్ చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. ముల్లు మాత్రం చచ్చినట్టు పడి ఉంది.

"ఇంకా రెండు గంటల టైముంది" అంది జానకీబాయి చెవి దగ్గర. "ముందు దీన్ని చెడగొట్టిందెవరో తేల్చండి. లేకపోతే బాగుచేసినా మళ్లీ చెడగొడతాడు. శనివారం వీడు ఒక్కడే ఉన్నాడు పడవ దగ్గర."

జగపతిరావు రాయమల్లు జుట్టు పట్టుకున్నాడు.

"ఏం జేసినవ్‌రా పెట్టెను?"

"నేనేం జేయలే దొరా. పెట్టెను ముట్టనే లే."

తలను అంచు మీదుగా నీళ్లలో ముంచాడు. మనసులో అంకెలు లెక్కపెట్టాడు, అది అతని పద్ధతి. మామూలు మనిషి అరవైకి గిలగిలలాడతాడు. వీడు నూట ఇరవై దాకా కదల్లేదు. అప్పుడు కాళ్లు కొట్టుకున్నాయి. పైకి లాగాడు.

"ఎవడు చెప్పిండు నీకు?"

"నీ కాల్మొక్త. గంగమ్మ తోడు..."

మళ్లీ ముంచాడు. ఈసారీ నూట ఇరవైకే కాళ్లు కొట్టుకున్నాయి. జగపతిరావు మెచ్చుకున్నట్టు తలాడించాడు. ఈ పనిలో అతనికి కసి లేదు, కనికరమూ లేదు. అదే అసహ్యం.

మూడోసారి లాగేసరికి రాయమల్లు ముక్కులోంచి రక్తం కారుతోంది.

"పెట్టెను ముట్టలేదన్నవ్. మరి ఏం ముట్టినవ్?"

"పడవనే ముట్టిన దొరా. మొన్న శనివారం గుగ్గిలం పూసినం. పెద్ద వరద తీసినంక, గంగమ్మకు పండుగ చేసుకునే ముందు పూస్తం గదా, ఏటేటా! జానెడు జాగ గూడ ఉత్తగ ఇడువద్దు. ఇడిస్తె గాడికెల్లే గంగ లోపటికొస్తది." దగ్గుతూ నీళ్లు కక్కాడు. "మీ రేకుకు గూడ పూసినం. పోశవ్వనే చేత్తోని మందంగ పూసింది. దొర సామాను, నానొద్దని."

జగపతిరావు చెయ్యి జుట్టు వదిలేసింది. గుగ్గిలం, నూనె కాచి వేలెడు మందాన పూస్తే నీరు రాగిని తాకేదెలా? అంతటితో ఆగలేదు అతని బుర్ర. శనివారం పూశారు. అంటే ఆదివారం కూడా రేడియో మూగదే.

వెనక్కి తిరక్కుండా, మామూలు గొంతుతో అడిగాడు.

"రోజా, నిన్న బేస్‌తో మాట్లాడినప్పుడు ముల్లు ఎంతవరకు లేచింది?"

"ఎప్పటిలాగే. సగం దాటింది."

అతను తిరిగేసరికి ఆమె చెయ్యి వ్యానిటీ బ్యాగులో ఉంది. అతని చేతిలో ఫౌంటెన్ పెన్ ఉంది. పెన్ టప్‌మంది. ముత్యాలు చెల్లాచెదురయ్యాయి, చిన్న పిస్టల్ ఎగిరి గోదావరిలో పడింది. జానకీబాయి చిల్లుపడిన అరచేతిని ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగించి నవ్వింది.

"రైలు నాలుగూ పదికే రావుసాబ్. ఎప్పుడూ మారలేదు."

టైమ్ మూడూ యాభై రెండు. ఆమె మణికట్టును పడవ అడ్డచెక్కకు కట్టేశాడు. మిగులు తీగను నీళ్లలోకి వదిలి మీట నొక్కాడు. ముల్లు ఒక్కసారి వణికి పడిపోయింది. తెప్ప ఒడ్డు వారనే వాళ్లను దాటిపోయింది. దాని మీద ఎవరూ లేరు, గడియారం ఒక్కటే ఉండి ఉంటుంది.

రాయమల్లు అన్నీ చూశాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"రైల్ల మనుషులున్నరా దొరా?"

"ఆరువందల మంది."

చేపల కత్తి పళ్ల మధ్య పెట్టుకుని, నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పడవ అడుగున కత్తి గీరుతున్న చప్పుడు పాదాలకు తెలిసింది. రెండుసార్లు మునిగి, జగపతిరావు లాగితే తేలాడు. రెండోసారి తేలినప్పుడు చేతిలో విరిగిన బోల్టు ఉంది.

"రేకు సాఫైంది. కని గిది ఇరిగింది దొరా. తీగె ఊడింది."

టైమ్ మూడూ యాభై తొమ్మిది.

"నేను తీగెను రేకుకు ఒత్తిపట్టి ఉంట. మీరు మాట్లాడుండ్రి. తాడు రెండుమాట్ల గుంజుత, గప్పుడు తియ్యుండ్రి. పడవ కింద నీళ్ల జోరుకు నాయంత నేను రాలేను." దిగబోయి ఆగాడు. "గీ గుగ్గిలంతోని గింత అయిందని పోశవ్వకు జర చెప్పకుండ్రి. పరేషాన్ అయితది."

మునిగాడు. జగపతిరావు ఎడమచేతికి తాడు చుట్టుకుని కుడిచేత్తో మైక్ పట్టుకున్నాడు. లాగాలంటే రెండు చేతులూ కావాలి. మీట నొక్కాడు. ముల్లు నిటారుగా లేచింది.

"కొంగ కాలింగ్ గూడు. గోదావరి ఎర్రబడింది. నాలుగో తెప్ప, కుడి ఒడ్డు వార. ఓవర్."

ఇరవై. ముప్పై.

"గూడు స్పీకింగ్. రిపీట్. ఓవర్."

రెండోసారి చెప్పాడు. యాభై. మూడోసారి చెప్పాడు. ఎనభై.

"పాస్‌వర్డ్ ప్లీజ్. ఓవర్."

"మోదుగ పూసింది. ఓవర్."

అవతల కాగితాలు తిప్పుతున్నారు. నూరు. నూట పది. నూట ఇరవై.

తాడు రెండుసార్లు గుంజింది.

"రావుసాబ్, తాడు" అంది జానకీబాయి.

"సరిగా వినపడలేదు" అంది రేడియో. "పాస్‌వర్డ్ రిపీట్. ఓవర్."

తాడు లాగితే తీగ ఊడుతుంది. తీగ ఊడితే రూల్ ప్రకారం మళ్లీ మొదటినుంచి. అది ఎవరు పెట్టిన రూలో అతనికి గుర్తుంది. మీట నొక్కాడు.

"మోదుగ పూసింది. మోదుగ పూసింది. ఓవర్."

తాడు మళ్లీ గుంజింది, రెండుసార్లు, గట్టిగా. నూట నలభై.

"లాగు!" జానకీబాయి అరిచింది. "అరే, మనిషివేనా నువ్వు? లాగవయ్యా!"

ఆరువందల మందిని చంపబోయిన ఆడది ఏడుస్తోంది. జగపతిరావు ముల్లునే చూస్తున్నాడు. నూట అరవై. తాడు ఒక్కసారి, చాలా మెల్లగా కదిలింది. తర్వాత కదల్లేదు.

"అందింది కొంగా. రైలు ఆపుతున్నాం. వంతెన గార్డుకు ఆర్డర్ వెళ్లింది. ఓవర్."

"రోజా శత్రువుల మనిషి. నా దగ్గర ఖైదీ. ఔట్" అన్నాడు.

ఆ మాటకు కూడా ముల్లు నిటారుగానే ఉంది. కింద పిడికిలి ఇంకా సడల్లేదు.

మైక్ పడేసి రెండు చేతులా లాగాడు. పడవ అడుగునుంచి రాయమల్లు వచ్చాడు. ఛాతీ మీద ఎంత నొక్కినా నీళ్లే వచ్చాయి. పిడికిట్లో తీగ ఉంది. వేళ్లు విప్పడం కుదరక తీగనే కోయాల్సి వచ్చింది.

దిగువన తుపాకులు మోగాయి. నాలుగూ తొమ్మిదికి తెప్ప వంతెనకు రెండు ఫర్లాంగుల ఎగువన పేలింది. తాటిచెట్టంత నీళ్లు లేచి, చచ్చిన చేపలు తెల్లగా తేలాయి. ఆర్మీ స్పెషల్ కీచుమంటూ ఆగింది. అప్పటికే ఇంజను ముందు చక్రాలు మొదటి గర్డర్ మీద ఉన్నాయి. సిపాయిలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ఎందుకు ఆగిందని విసుక్కున్నారు.

రేవులో పోశవ్వ జొన్న గటక గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. దూరంనుంచే కేకేసింది.

"ఏం దొరా, పడవ లోపటికి చుక్క నీళ్లన్న వచ్చినయా? గుగ్గిలం నేనే పూసిన!"

"ఒక్క చుక్క రాలేదు" అన్నాడు జగపతిరావు.

ఆమె నవ్వింది. తర్వాత పడవలో గోనె కప్పిన ఆకారం చూసింది. గిన్నె జారి గటక ఇసుకలో పడింది.

వారం తర్వాత ఆఫీసులో మెరైన్ రేడియో వాపసు ఫారం నింపాల్సి వచ్చింది. 'ఎర్త్‌గా వాడిన వస్తువు' అన్న గడి దగ్గర అతను చాలాసేపు ఆగాడు. 'రాగిరేకు' అని రాసి, కొట్టేసి, 'రాయమల్లు' అని రాశాడు.

రెండో రోజే ఫారం తిరిగివచ్చింది. పక్కన చీఫ్ ఎర్ర పెన్సిల్‌తో రాశాడు: "శభాష్ సెవెంటీన్. ఈ గడిలో మనుషుల పేర్లు చెల్లవు. సరిచేసి పంపగలరు."