బట్టీ బూడిద

పొద్దున్నే యమున గిన్నెలు తోముతోంది. ఈ మధ్య సబ్బుతోనే తోముతోంది. ఇదివరకైతే బూడిదతో తోమేది. హిందూపురంలో ఆ వీధి మొత్తం మీద ఆమె ఇత్తడి చెంబు మెరిసినట్టు ఎవరి చెంబూ మెరిసేది కాదు. ఆ బూడిద ఆమె అన్న హరికృష్ణ బట్టీలోది. పరిగి దారిలో అతనికో షెడ్డుంది. అక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి, కరిగించి సీసం తీస్తారు. యమున మొగుడు నాగరాజు అక్కడే పనిచేసేవాడు. మెత్తగా ఉందని, ఊరికే వస్తోందని ఆ బూడిద సంచీలో ఇంటికి తెచ్చేవాడు. ఊరికే వచ్చేదాని మీద మనకెంత ప్రేమో!

ఆ బూడిదే వాళ్ల ఆరేళ్ల అశ్విని ఒంట్లో చేరింది. పిల్ల ముందు కడుపునొప్పి అంది. నులిపురుగులని మందు పోశారు. తర్వాత మొహం పాలిపోయింది, నేర్చుకున్న అక్షరాలు మర్చిపోవడం మొదలుపెట్టింది. బస్టాండులో ప్రతి బోర్డూ గడగడా చదివే పిల్ల, ఒకరోజు గోరంట్ల బస్సు ముందు నిలబడి "గో..." అని ఆగిపోయింది. బెంగళూరు డాక్టరు పరీక్ష చేయించి, రక్తంలో సీసం ఉందన్నాడు. ఇంకా పాడవకుండా ఆపగలను గానీ, పోయిన చురుకు తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేనన్నాడు.

ఆ రోజు నుంచీ యమున ఏడవలేదు. ఏడిస్తే కోపం చల్లారిపోతుందేమోనని ఆమె భయం. ఆ కోపం ఆమెకు కావాలి. పెనుకొండలో వకీలును పట్టుకుని సొంత అన్న మీదే కేసు వేసింది.

"తనకేమీ తెలీదని అంటాడమ్మా మీ అన్న. ఆయనకు ముందే తెలుసని చెప్పే మనిషి ఒక్కరు దొరికితే, ఇక తప్పించుకోలేడు," అన్నాడు వకీలు.

ఆ మాట తలచుకుంటూనే ఆమె చివరి గిన్నె బోర్లించింది. అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. హరికృష్ణ వచ్చాడు. వెనకే, అతని దగ్గరే ఉంటున్న తల్లి సిద్ధమ్మ.

"తోడబుట్టినోని మీదే కేసు పెడ్తావేమే? మనిషివేనా నువ్వు?" గడప దాటకముందే అందుకుంది సిద్ధమ్మ.

"కూచోమ్మా," అంది యమున.

హరికృష్ణ చాప మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "సీసం ఇంత పని చేస్తాదని నాకేం తెలుసు యమునా? బూడిద తెచ్చుకున్నది బావ. తోమింది నువ్వు. కోర్టులో అదే అడుగుతారు. ఆస్పత్రి దుడ్లు నేను పెట్టుకుంటా, కేసు వాపసు తీసుకో."

గోడకానుకుని నిలబడ్డ నాగరాజు తల దించుకున్నాడు. ఆ మాట అతన్ని రోజూ తినేస్తున్నదే.

"సరేన్నా. తిన్నాక మాట్లాడుకుందాం," అని యమున లేచింది.

పళ్లెంలో రాగిముద్ద, పక్కన ఇత్తడి గిన్నెలో చారు తెచ్చి పెట్టింది. హరికృష్ణ ముద్ద తుంచి చారులో అద్దుకున్నాడు.

"గిన్నె చూడన్నా, ఎట్ల మెరుస్తాందో. నీ బట్టీ బూడిద సంచిలో అడుగున కొంచెం మిగిలింటే, దాంతోనే తోమినా."

నోటిదాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. ముద్ద పళ్లెంలో పడింది. హరికృష్ణ వేళ్లు పంచెకు గబగబా తుడుచుకుంటూ లేచాడు. "పిచ్చి పట్టిందా నీకు? విషం పెడ్తావా?"

"విషమా? తెలీదంటివే?"

"ఇప్పుడు ఊరందరికీ తెలుసు! పాపకట్లయినాకనే నాకూ తెలిసింది."

"కాదు నాయనా."

ఆ గొంతు సిద్ధమ్మది. ఆమె కొడుకు వేళ్లనే చూస్తోంది.

"పాపకు జబ్బు రాకముందే, మనం కొత్తింట్లో చేరినప్పుడు, దీపాలు తోముదామని నేను ఆ బూడిద కొంగులో మూటగట్టుకుని వస్తే, నువ్వు ఇట్లే ఎగిరిపడితివి. కొంగు దులిపిచ్చి, నా చేతులు నువ్వే రుద్ది రుద్ది కడిగితివి. పిల్లోళ్లుండే ఇంట్లోకి ఇది రాకూడదంటివి. నా కొడుక్కి నామీద ఎంత ప్రేమోనని అందరికీ చెప్పుకుంటి."

"అమ్మా, నోరు మూసుకో!"

"నీ బిడ్డలే పిల్లోళ్లా? నా కూతురి బిడ్డ ఏమయితాదిరా నీకు?"

హరికృష్ణ గడప వైపు తిరిగాడు. యమున ఆ పళ్లెం ముందు కూర్చుని, అతను వదిలేసిన ముద్దే చారులో అద్దుకుని తింది.

"సబ్బుతోనే తోమినాలేన్నా. నీ బూడిద సంచి వకీలు దగ్గర భద్రంగా ఉండాది."

అతను విసురుగా బయటికి నడిచాడు. "కోర్టులోనే చూసుకుందాం," అన్న మాట వీధిలోంచి వినిపించింది.

"తెలీక తెచ్చినోడు ఈడ తల దించుకున్నాడు. తెలిసినోడు తలెత్తుకుని పోతాండాడు," అంది యమున.

సిద్ధమ్మ కొడుకు వెంట వెళ్లలేదు. కొంగు చేతుల్లోకి తీసుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"ఆ పొద్దు వాడు నా చేతులు కడిగినాడే గానీ, ఈ ఇంట్లో ఎంతమంది చేతులకు అంటుకుందోనని నాకు తోచలేదు కదే తల్లీ! సాక్షం నేను చెప్తా."

"నీ కొడుకమ్మా. జైలుకు పోతాడు."

"పోనీ."

అప్పుడు ఏడ్చింది యమున. తల్లి ఒళ్లో తల పెట్టుకుని, గొంతు పోయేలా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని చూసుకుంటే కోపం ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్లూ అనవసరంగా భయపడింది.

ఆ మధ్యాహ్నమే వకీలు దగ్గరికి బయల్దేరారు. బస్టాండులో అశ్విని అవ్వ చెయ్యి పట్టుకుని పెనుకొండ బస్సు ముందు ఆగింది.

"పె..." అంది.

సిద్ధమ్మ మిగతాది అందించబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు కదలబోతూ హారన్ కొట్టింది. యమున వెళ్లి బస్సు ముందు నిలబడింది.

"ఆపప్పా," అంది డ్రైవరుతో. "పిల్ల చదవనీ."