గెడ్డ ఒడ్డు బెల్లప్పాక

చోడవరం నుంచి వడ్డాది పోయే దారిలో, చిన్న వాగులాంటి గెడ్డ దాటగానే ఎడంచేతి పక్క పాడుపడిన బెల్లప్పాక ఒకటి ఉండేది. పొద్దు వాలితే ఆ దాపుకి ఎవరూ వెళ్ళేవారు కాదు. బళ్ళవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి మాటలాపేసి, ఎడ్లని అదిలించి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేవారు.

ఎప్పుడో ఒక వంటవాడు కాగుతున్న చెరుకురసం పెనంలో పడి చచ్చిపోయేడట. ఆ తరవాత అక్కడ బెల్లం వండలేదు. గానుగ ఊడదీసి పట్టుకుపోయేరు. మట్టిగోడలు, సగం కూలిన కప్పు, పెద్ద పొయ్యి గొయ్యి... అంతే మిగిలేయి. అలాగే పడి ఉండేది. యుద్ధం రోజుల్లో మాత్రం, పాకలో ఎవరో దగ్గుతున్నారన్నారు. అమావాస్యకి దీపం కనబడిందన్నారు. ఉలవచేను కాపలాకెళ్ళినవాడొకడు మూలుగు విని, వారం రోజులు జ్వరంతో పడుకున్నాడు.

అలాంటి చోటుకి, పందొమ్మిది వందల యాభై నాలుగులో, మార్గశిర అమావాస్య రాత్రి రాజ్యం ఒంటరిగా వచ్చింది. ఏం జరిగిందో మా వైపు ఇలా చెప్పుకుంటారు.

రాజ్యం దాసు పెళ్ళాం. దాసు నలభైరెండులో పటాలంలో చేరేడు. బూట్లేసుకోవాలనీ, రైలెక్కాలనీ సరదా. బర్మా వైపు పంపించేరు. రెండేళ్ళకి నెల్రోజుల సెలవు మీద ఇంటికొచ్చేడు. వచ్చినవాడు మునుపటి దాసు కాడు. కప్పు కింద పడుకోలేకపోయేవాడు. పెళ్ళాం పక్కన కూచుని కూడా ఎటో చూసేవాడు. సెలవవగానే అనకాపల్లిలో రైలెక్కేడు. రాజ్యమూ, అత్త అచ్చియ్యమ్మా స్టేషనుకెళ్ళి మరీ పంపించేరు.

అంతే. మరి జాడ లేదు.

నెల తిరక్కుండా పోలీసులొచ్చేరు. దాసు పటాలానికి చేరలేదట. ఎక్కడ దాచేరని మూడుసార్లు గదమాయించేరు. మూడుసార్లూ రాజ్యం ఏడుస్తూ, నూకాలమ్మ తల్లి మీద ఒట్టేసి, తనకి తెలీదంది.

నిజంగానే తెలీదు.

పదేళ్ళయింది. దాసు రాలేదు, చచ్చిపోయేడన్న కబురూ రాలేదు. రాజ్యం బొట్టు పెట్టుకుంటూనే ఉంది, గాజులేసుకుంటూనే ఉంది. అత్తా కోడలూ అరెకరం చెరుకు చేసుకుంటూ ఒకే కంచంలో తిన్నట్టు బతికేరు. ఏటా ఈ రోజుల్లో అచ్చియ్యమ్మే కోడల్ని కోటపాడు పంపించేది— “యెళ్ళి మీ యమ్మని సూసిరాయే, పదిరోజులుండి రా” అని.

ఆ ఏడు రాజ్యం పదిరోజులుండలేదు. మూడోరోజు సాయంత్రం వదిన ఎవరితోనో అంటూంటే వింది. “సచ్చినోడి కోసం గాజులేసుకు తిరుగుతంది సూడు...”

రాజ్యం చీరల మూట చంకనెట్టుకుని ఆఖరి బస్సెక్కేసింది. దార్లో బస్సు టైరు పంచరైంది. చోడవరంలో దిగేసరికి వీధులు సద్దుమణిగిపోయేయి.

అక్కణ్ణుంచి అత్తారి ఊరికి రెండు మైళ్ళు. నడక మొదలెట్టింది.

చీకటి... కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. మంచు పడుతోంది. రెండు పక్కలా చెరుకుతోటలు గరగరమంటున్నాయి. కోపం ఉన్నంతసేపూ కాళ్ళు బాగానే నడిచేయి. గెడ్డలో నీళ్ళు చల్లగా పాదాలకి తగిలేసరికి కోపం దిగిపోయింది.

భయం పట్టుకుంది.

ఒడ్డెక్కింది. తల దించుకుని, ఎడంపక్క చూడకూడదనుకుంటూ పది అడుగులేసింది.

చూసింది.

పాకలో దీపం.

గాలికి ఊగటం లేదు. నేలకి ఆనించి పెట్టినట్టు, చిన్నగా, ఎర్రగా... రాజ్యం మూట చేతిలోకి తీసుకుని పరిగెట్టబోయింది. అప్పుడు వినబడింది, గుసగుస.

“లేరా... లేచి రవ్వంత తాగు నాయినా... సల్లారిపోతాది...”

రాజ్యం చేతిలో మూట జారిపోయింది. దెయ్యం గొంతు ఎలాగుంటుందో ఆమెకి తెలీదు. కానీ ఈ గొంతు తెలుసు. పదేళ్ళుగా తెల్లారగట్ల తనని నిద్రలేపుతున్న గొంతు.

గుమ్మం దాకా వెళ్ళింది. పొయ్యి గొయ్యి పక్కన, లాంతరు దగ్గర, తెల్లటి చీరలో నేలమీద వంగి కూచుంది అచ్చియ్యమ్మ. ఎదురుగా ముంతలో అంబలి. మనిషి లేడు. మట్టి మాత్రం, ఒక మనిషి పడుకున్నంత మేర, శుభ్రంగా అలికి ఉంది.

“అత్తా...”

అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి తిరిగింది. కోడల్ని చూసింది. చేత్తో ఆ అలికిన మట్టిని కప్పబోయింది— అలవాటు చొప్పున, దాచబోయినట్టు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“ఎవురే అత్తా... ఎవురది?”

రాజ్యం వచ్చి భుజాలు పట్టుకు కుదిపింది.

“సెప్పు!”

“ఇంకెవురే... మనోడే.”

మిగతాది అచ్చియ్యమ్మే చెప్పింది, తల ఎత్తకుండా.

రైలెక్కిన దాసు విజయనగరంలో దిగిపోయేడు. రాత్రుళ్ళు పొలం గట్లమ్మట నడిచి, నాలుగో రాత్రికి పెరట్లోకొచ్చి తల్లిని లేపేడు.

“యుద్దంలో జపానోడొకడు గుంటలో పడిపోయి, సేతులు సాపి ఏటో అడిగేడట. బాస తెలీకపోయినా దాహవంటన్నాడని తెలిసిందమ్మా అన్నాడు. అయినా ఈడు పొడిసేసేడు. అప్పట్నించీ ఈడికి మంచినీళ్ళు దిగవు. మరెళ్ళనమ్మా... సంపినా యెళ్ళను అన్నాడే. ఏటి సేత్తాను? ఇక్కడ దాసేను. మనిషన్నోడు రాడు గదాని. దీపం సూసి ఎవురైనా దెయ్యవంటే, నానూ సూసేనని సెప్పేదాన్ని. తలకాయ లేదని నానే అన్నాను.”

“నాకు... నాకు సెప్పలేదేటత్తా?”

“ఆడే వద్దన్నాడు. పోలీసోళ్ళు నీ మొకం సూత్తే తెలిసిపోద్దని. నువ్వు అమ్మవారి మీద ఒట్టేత్తంటే, తలుపెనకాల నిలబడి నాను సచ్చిపోయేననుకో.”

నాలుగు నెలలున్నాడు దాసు ఆ పాకలో. ఊరికి అరమైలు దూరంలో.

“ఒకనాడు సందేళ నువ్వు గడ్డిమోపు ఎత్తుకు ఇటొచ్చేవు. ఉండబట్టలేక గుమ్మంలోకొచ్చేడు. నిన్ను పిలిసేడట.”

రాజ్యానికి గుర్తుంది. గడ్డం మాసిన ఆకారం ఒకటి గోడ పట్టుకుని నిలబడింది. గాలి లాంటి గొంతుతో తన పేరు పిలిచింది. తను మోపు పారేసి, కేక పెట్టి, ఊళ్ళోకొచ్చి పడేదాకా ఆగలేదు. మూడ్రోజులు వేపమండలతో దిష్టి తీయించుకుంది. దిష్టి తీసింది అత్తే.

“ఆ రాత్రంతా నవ్వేడు. అమ్మా, నా పెళ్ళావే నన్ను సూసి దెయ్యవనుకుందే అని... నవ్వీ నవ్వీ ఆకరికి ఏడ్సేడు.”

రాజ్యం నోట్లో కొంగు కుక్కుకుంది.

“తరవాత సలిజొరం. డాక్టర్ని తెత్తే పట్టుకుపోతారు. క్వినైను కోసం చోడవరం అంతా తిరిగేను. మందంతా యుద్ధానికే పోతంది, నీకెక్కడిదే అన్నారు. ఆకరి రోజు... నిన్నడిగేడే. రాజ్యాన్ని తీసుకురా, ఒక్కపాలి సూత్తాను అన్నాడు. రేపు తెత్తానన్నాను. రేపటికి తగ్గిపోద్దనుకున్నాను...”

ఆ రాత్రే దాసు పోయేడు, మార్గశిర అమావాస్యనాడు. ఒక్కర్తే గునపంతో తవ్వింది. ఒక్కర్తే పూడ్చింది. ఇంటికెళ్ళి, కోడలు లేచేలోగా కళ్ళాపి చల్లింది. గట్టిగా ఏడవడానిక్కూడా లేదు. ఎవడు పోయేడని అడిగితే ఏం చెప్తుంది?

“దొరలెళ్ళిపోయి ఏడేళ్ళయిందత్తా. పోలీసుల బయ్యం ఎప్పుడో పోయింది. అప్పుడైనా సెప్పొచ్చు గదా?”

అచ్చియ్యమ్మ కోడలి గాజుల కేసి చూసింది.

“సెప్తే నీ గాజులు బద్దలకొట్టేత్తారు. బొట్టు తుడిపేత్తారు. ఇరవయ్యేళ్ళ గుంటవి... నా కళ్ళతో నాను సూడలేననుకున్నాను.” గొంతు ఇంకా తగ్గించింది. “అదొక్కటీ కాదులే. తెలిస్తే మీయన్న ఒచ్చి తీసుకెళ్ళిపోతాడు. ఆడూ నేక, నువ్వూ నేకపోతే... నానెవురికోసం వండుకోను?”

రాజ్యం తిట్టలేదు, కొట్టలేదు. అత్త కాళ్ళు పట్టుకోనూ లేదు. ఆ అలికిన మట్టి దగ్గర కూచుని అరచెయ్యి ఆనించింది. మంచుకి చల్లగా ఉంది మట్టి. చెయ్యి తియ్యలేదు.

ఏ జామో అయింది. గెడ్డ అవతల నక్కలు కూసి ఊరుకున్నాయి. అచ్చియ్యమ్మ లాంతరు తీసుకుని లేచింది.

“పదవే అమ్మా. తెల్లారితే జనం తిరుగుతారు.”

“తిరగనీ. తెల్లారేక మునసబుగారికి నానే సెప్తాను. ఆడికి కర్మ సేయించాలి.” రాజ్యం తలెత్తలేదు. “నువ్వెళ్ళత్తా. ఈ రేతిరికి నానిక్కడుంటాను.”

“ఒక్కదానివేటే? అమావాస్సి...”

“ఒక్కదాన్నేటి?”

అచ్చియ్యమ్మ నిలబడిపోయింది. తరవాత లాంతరు కోడలి పక్కనే దించి, చీకట్లో తడుముకుంటూ గుమ్మం దాటింది. గట్టు మీదికెళ్ళేక ఒక్కసారి ఆగింది.

పాకలోంచి రాజ్యం గొంతు వినబడుతోంది. మెల్లిగా, తీరిగ్గా... పదేళ్ళ కబుర్లు, మొదటినుంచీ.