జూమ్ తెరిచిన రాంచందర్

"గోలీలు గుండ్రంగ ఉండాలె గదా. ఇవి కోడిగుడ్ల లెక్క ఎందుకున్నయి?"

చేరిన మొదటి రోజే తనుశ్రీ అడిగిన ప్రశ్న అది. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ. అందులో నాణ్యత చూసే విభాగంలో ఆమెకు కొత్త ఉద్యోగం. కెమెరా తీసిన మాత్రల ఫొటోలను కంప్యూటర్ తెర మీద చూపించే ప్రోగ్రాం రాసినవాడు రాంచందర్.

"మానిటర్ వెడల్పు గదా మేడం. రెండు పక్కల జాగ ఖాళీగుంటే మేనేజర్ సార్‌కు నచ్చదు. ఇంత పెద్దది ఊకెనే తెచ్చినమా అంటరు. అందుకే ఫొటో సాగదీసిన."

"మరి జూమ్ ఎందుకు పనిజేస్తలేదు?"

"అదీ సారే బంద్ చేయమన్నరు. పోయినసారి తనిఖీకొచ్చిన ఆఫీసర్ మౌస్ పట్టుకొని ఒక్కో గోలీ దగ్గరికి చేసి చూసిండు. సార్‌కు బీపీ పెరిగింది."

"దగ్గరికి చూడకుంటే పగుళ్లు ఎట్ల కనబడ్తయి?"

"కనబడొద్దనే."

తనుశ్రీ అతన్ని ఒక్క క్షణం చూసింది. "మా నాయనమ్మ ఇవే గోలీలు వేసుకుంటది," అంది. ఆ పూట రాంచందర్‌కు చాయ్ సహించలేదు.

మర్నాడు ఆమె లాగిన్‌కు మాత్రం జూమ్ తెరిచాడు. ఫొటో సాగదీయడమూ మానేశాడు, మాత్రలు మళ్లీ గుండ్రంగా కనిపించాయి. సాయంత్రానికి ఇంకో ఫిర్యాదు వచ్చింది.

"అంచు కాడికి జూమ్ చేస్త. ఇంకో ఫొటో రాంగనే మళ్ల మొదటికే పోతున్నది. నేను చూసే జాగ ఆడనే ఉండాలె, ఫొటోలే మారాలె."

అది అరగంట పని. రాంచందర్ దాన్ని మూడు రోజులు చేశాడు, రోజుకు నాలుగుసార్లు ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లి సరిచూసుకుంటూ.

"గింత కష్టమా ఇది?"

"చాన కష్టం మేడం."

నాలుగో రోజు వరసగా ఇరవై మాత్రలకు ఒకే అంచున వెంట్రుకంత పగులు కనిపించింది. తనుశ్రీ ఆ బ్యాచ్‌ను ఆపేసింది. మేనేజర్ ఇద్దరినీ పిలిచాడు.

"నిన్నటిదాక లేని పగుళ్లు ఇయ్యాల యాడికెళ్లి వచ్చినయి? జూమ్ ఎవరు తెరిచిండ్రు?"

తనుశ్రీ ఏదో చెప్పబోయింది.

"నేనే సార్," అన్నాడు రాంచందర్. ఆ గదిలో అతను 'సరే సార్' తప్ప ఇంకో మాట అనడం అదే మొదలు. "పగుళ్లు మునుపు గూడ ఉన్నయి. కనబడకుండ చేసింది గూడ నేనే."

మేనేజర్ అతనిచేత సంజాయిషీ రాయించుకున్నాడు. వారం తిరక్కుండానే తనిఖీ వచ్చింది. ఆఫీసర్ తనుశ్రీ తెర ముందు కూర్చుని పగుళ్లు చూశాడు, ఆపిన బ్యాచ్ కాగితాలు చూశాడు, మెచ్చుకున్నాడు.

"జూమ్ ఆలోచన నాదే సార్," అన్నాడు మేనేజర్, వినయంగా. సంజాయిషీ కాగితం ఆ రోజే మాయమైంది.

సాయంత్రం షిఫ్టు బస్సులో తనుశ్రీ తన పక్క సీటు చూపించింది.

"నౌకరి పోతే ఏం చేద్దురు?"

"పోతదనే అనుకున్న. మీ ముంగట అబద్ధం చెప్పబుద్ధి కాలే." కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మీరంటే నాకిష్టం."

"ఎరికే. మా నాయనకు చెప్పిన. ఐతారం ఇంటికి రమ్మన్నడు."

"నేను అడగకముందే?"

"మీరు అడిగేదాక ఆగితే మీకు రిటైర్మెంట్ అయితది."

ఆదివారం హత్నూరలో, తనుశ్రీ వాళ్ల ఇంట్లో రాంచందర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె తండ్రి మల్లయ్య పొలం నుంచి అప్పుడే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"మా బిడ్డ మాట జెర కటువుగుంటది. ఎరికేనా?"

"ఎరికే మామా."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. లోపల వంటింట్లో ఎవరో గిన్నె జారవిడిచారు.

మల్లయ్య మీసం సవరించుకున్నాడు. "మామా అని పిలిచినంక ఇగ ఏమున్నది. వచ్చే ఐతారం మీ అమ్మనాయన్లను తోలుకరా."