బెత్తెడు పెరిగిన కడప బండ

రేగుంట దాటినంక అడివిల నిలువురాళ్ళు అని ఒక జాగ ఉన్నది. పొద్దుగూకినంక ఆ దిక్కు గాలి గూడ చెప్పులు చేతవట్టుకొని, చప్పుడు కాకుంట పోతదంటరు.

ఎప్పటి రాళ్ళో ఎవలకు ఎర్కలేదు. కొన్ని మన తాతల తాతల కంటె ముందటియి — మనిషికి రెండింతల ఎత్తు, ఒళ్ళంత నాచు. కొన్ని మొన్నమొన్నటియి. గోండు ఇండ్లల్ల మనిషి పోతె ఆ మనిషి పేరు మీద ఒక రాయి తెచ్చి ఆడ నిలబెడతరు. వాటెనుక ఏనుగు కూసున్నట్టు ఒక పెద్ద గుండు. కమలాపూర్ల సర్కారు ఏనుగుల క్యాంపు ఉన్నది, ఆడి ఏనుగు ఒకసారి ఇటు మల్లి, ఆ గుండును చూసి తొండమెత్తి దండం వెట్టి, ఎనకెనకకే నడుసుకుంట కమలాపూర్ దాక పోయిందట. చూసినోళ్ళు ఇద్దరు, చెప్పినోళ్ళు మాత్రం రెండు వందలమంది.

అసలు భయం ఏనుగు గుండుది కాదు. అమాస నాడు తెల్లటి ఆకారం ఒకటి వస్తదట. వచ్చి ఒక రాయిని కావలించుకుంటదట. ఇడిసిపెడ్తదట... మల్ల కావలించుకుంటదట.

అంకిస ఊరి మేస్త్రి రాజలింగు ఇసొంటియి నమ్మెటోడు కాదు. ముప్పై ఏండ్ల సంది గోడలు కట్టిన మనిషి. ఆయనకు రాయంటె రాయే.

అందుకే నిరుడు ఎండకాలం, కొత్తిల్లు కట్టుకునేటప్పుడు, ఆడ ఒక రాయి గాలికో వానకో ఒరిగి కిందవడి ఉంటె ఆగి చూసిండు. నడుమెత్తు పొడుగు, ఉలి పెట్టినట్టు అంచులు. నిలబడ్డదాన్నైతె ముట్టేటోడు కాదు. పడ్డ రాయి ఎవలదైతదని, ఊళ్ళె అంజి నడిపే ట్రాలీ ఆటోల ఏసుకొచ్చి, ఇంటి తలుపు కింద కడప బండ చేసిండు. చూసినోళ్ళంత మెచ్చుకున్నరు.

వానలు పడ్డయి. బండ జర లేచింది.

వేలు మందమే. నల్లరేగడి నేల, నీళ్ళు తాగి ఉబ్బుతది, మీదున్నదాన్ని లేపుతది — మేస్త్రికి తెల్వని ముచ్చట కాదు. రెండు దిక్కుల గోడ పెచ్చులు ఊడినయి. సిమెంటు మంచిది కాదనుకున్నడు.

కోడలు స్వీటీ అప్పుడు మూడు నెలల కడుపుతోని ఉన్నది. కొడుకు రాజ్‌కుమార్ నౌకరి గడ్చిరోలిల. ఇంట్ల మామా కోడలే. ఒకనాడు పొద్దుగాల స్వీటీ నీళ్ళ బిందెతోని లోపటికి వస్తుంటె కాలు బండకు తగిలింది. బిందె లోపల వడ్డది, స్వీటీ బండ మీద వడ్డది.

కడుపు పోయింది.

ఆ నెత్తురును రాజలింగే కడిగిండు. రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తె ఒక్క చుక్క కిందికి పోలె. బండ అంత తాగేసింది. ఈ సంగతి ఎవలకు చెప్పలె. ఇసుకరాయి, తాగుతది అని తనకు తనే చెప్పుకున్నడు... పది దినాలు అదే చెప్పుకున్నడు.

ఇప్పుడు స్వీటీకి మల్ల ఐదో నెల. మొన్న పొద్దుగాల అదే బండకు అదే కాలు తగిలింది. తలుపు రెక్క వట్టుకొని ఆగింది గాబట్టి సరిపోయింది. రాజలింగు చేతుల చాయ గిలాస అట్లనే ఉన్నది. చూస్తె బండ బెత్తెడు లేచి ఉన్నది.

ఇగ ఆ రాయి ఇంట్ల ఉండద్దనుకున్నడు. ఈ కడుపు గూడ పోతె స్వీటీ బతకదు, నేనూ బతకను అనుకున్నడు.

సాయంత్రం స్వీటీ పక్కింటి మల్లక్క కాడికి పోయింది. రాజలింగు గడ్డపారతోని బండ పెకిలించిండు. అంజిని పిలిచిండు. కడపకాడ గుంత వడ్డది. వచ్చినంక సిమెంటు పోద్దామని, దాని మీద ఒక గోనెసంచి పరిచి, గడ్డపార గూడ పట్టుకొని పోయిండు. ఆ దినం అమాస అని గూడ చూసుకోలె.

అంజి మీసాలు మేకపోతు కొమ్ముల లెక్క ఉంటయి. ధైర్యం మాత్రం మేకపోతుకున్నంత లేదు. తొవ్వ మీదనే ఆటో ఆపి, తన నడుం నొస్తున్నదని, ఆటో నడుం గూడ నొస్తున్నదని చెప్పిండు. బతిమిలాడితె రాయికి ఒక కొస వట్టి రాళ్ళ మొదలు దాక మోసుకుంట వచ్చిండు.

చీకటి గట్టిగ పడ్డది. టార్చి ఎలుగుల నిలువురాళ్ళు ఒక్కొక్కటే ముందటికొచ్చి, ఎనకకు పోతున్నయి. ఏనుగు గుండు మీద ఏదో పిట్ట కూసి... నడుమల ఆపేసింది.

అప్పుడు చూసిండ్రు.

తెల్లగ. ఒంగి ఉన్నది. ఒక రాయిని రెండు చేతులతోని కావలించుకొని... నెత్తి రాయికి ఆనిచ్చి...

అంజి అరవలె. అరిచే తీరిక గూడ లేకపాయె. రాయి ఇడిసిండు, చెప్పులు ఇడిసిండు, ఆటో చప్పుడు ఇనవడి, దూరమయి, లేకుంట పోయింది. అంకిస దాక బ్రేకు తొక్కలేదని ఆయనే చెప్పుకుంటడు.

రాజలింగు టార్చి దాని మీదికే పట్టిండు. తెల్లటిది లేచింది. మెల్లగ ఇటు మల్లింది.

“టార్చి కిందికి పెట్టు తమ్మీ,” అన్నది. “కండ్లల్ల కొడుతున్నది.”

ఆడమనిషి. ముసలిది. తెల్ల చీర, చేతుల దారం ఉండ, నడుముకు చిన్న సీస.

రేగుంట పక్క గూడెం మనిషి, పేరు జంగుబాయి. ఊపిరి తిరిగినంక రాజలింగు అడిగితె నిదానంగ చెప్పింది. రాయి నిలబెట్టిన నాడు దారంతోని కొలిచి ముడేస్తరట. రాయి పెరిగితె పోయిన మనిషి సల్లగున్నట్టు. పెరగకపోతె ఏదో కొదువ ఉన్నట్టు. అందుకే అమాస అమాసకు కొలుస్తదట. అయ్యది, అత్తది, మరిదిది — అందరి రాళ్ళు. ఒక్క మొగనిది మాత్రం కొలవక ఏడాది దాటింది. రాయి కనవడలేదు.

రాజలింగు టార్చి తను తెచ్చిన రాయి మీదికి తిప్పి, అంకిసల తన ఇంటికి కడప చేసిన సంగతి చెప్పిండు.

జంగుబాయి తిట్టలె. కూసున్నది. మట్టి తుడిచి, రాయిని పిల్లగాని ఈపు నిమిరినట్టు నిమిరింది.

“వచ్చినవా ఈరయ్యా?” అన్నది.

పాత గుంత పక్కనే ఉన్నది. ఇద్దరు కలిసి గడ్డపార ఏసి రాయిని దొర్లించి అందుల పెట్టవోయిండ్రు.

పట్టలె.

ఆ గుంతల నిలబడ్డ రాయే అది. ఒరుసుకొని ఆగుతున్నది, దిగుతలేదు. నేల ఉబ్బుతది, సరే. గుంత గూడ ఆరిపోతె ముడుసుకుంటదని రాజలింగు తనకు తనే సర్ది చెప్పుకున్నడు.

జంగుబాయి దారం ఉండల కెల్లి ఈరయ్య పేరు మీద ముడేసిన దారం తీసి, రాయి ఈ కొసకెల్లి ఆ కొసకు పట్టింది. ముడి కాడ ఆగింది. ముడి అవుతల ఇంకా రాయి ఉన్నది. నాలుగు వేళ్ళు ఆనిచ్చి చూసింది.

బెత్తెడు.

మేస్త్రి గూడ వేళ్ళు ఆనిచ్చి చూసిండు. నేల రాయిని లేపుతది. పొడుగు చెయ్యదు.

జంగుబాయి ముసిముసిగ నవ్వవట్టింది, కండ్లల్ల నీళ్ళు వస్తనే ఉన్నయి. బతికున్న నాడు గూడ గింతేనట — అంకిస దిక్కు కూలికి పోతె మూడు దినాలు ఇల్లు మర్సేటోడు, తెలుగోళ్ళ ఇండ్లల్ల పచ్చిపులుసు తాగి వచ్చి, నీ వంట గిట్ల ఉండదని ఆమె మొకం మీదనే అనేటోడు. ఈడ ఏడేండ్లు కోడి కోసి పెట్టినా ఆయన రాయి నూలుపోగు మందం పెరగలేదట.

“మీ ఇంట్ల బెత్తెడు పెరిగిండు,” అన్నది మురిపెంగ. “ఏం పెట్టిండ్రు తమ్మీ ఆయనకు?”

రాజలింగుకు బండ మీద పడ్డ నెత్తురు కండ్ల ముందటికొచ్చింది. రెండు బకెట్ల నీళ్ళు... ఒక్క చుక్క కిందికి పోలె...

అప్పుడే జేబుల ఫోను మోగింది. స్వీటీ.

“మామా, కడపకాడ గుంత తీసి సంచి కప్పి పోయినవ్. చీకట్ల నేను దాని మీదనే కాలు పెట్టిన.”

రాజలింగు ఫోను చెవుకు గట్టిగ ఒత్తుకున్నడు.

“పడలె మామా. నువ్వే ఎనకకెల్లి జబ్బ వట్టి గుంజితివి గద. గంత గట్టిగనా? వేళ్ళ అచ్చులు పడ్డయి. మేస్త్రి చెయ్యి, రాయి లెక్క గరుకుంటదని ఎర్కే గని... గంత సల్లగ ఎట్లున్నది? పిలుస్తుంటె పలుకుతలేవు. ఏడున్నవ్?”

“వస్తున్న బిడ్డా,” అన్నడు. ఆ మాటే మూడుసార్లు అన్నడు. ఆయన ఉన్న జాగకెల్లి ఇల్లు ఎంత దూరమో చెప్పలేదు.

స్వీటీ గొంతు ఆ సప్పుడు లేని చీకట్ల జంగుబాయికి గూడ ఇనవడ్డది. ఆమె నడుముకున్న సీస తీసింది. ఇప్పసారా. పక్కనున్న అత్త రాయి మీద నాలుగు చుక్కలు పోసింది... రాయి జుర్రుకున్నది. అయ్య రాయి మీద పోసింది... జుర్రుకున్నది.

ఈరయ్య రాయి మీద పోసింది.

సారా జారి, అంచు దాటి, మట్టిల వడ్డది. మల్ల పోసింది. మల్ల జారింది.

జంగుబాయి సీసకు మూత వెట్టింది.

“ఖాళీ రాయి తెచ్చినవ్ తమ్మీ. ఆయన మీ ఇంట్లనే ఆగిండు.”

లేచి, ముడేసిన ఆ దారం సుట్టి, రాజలింగు అరచేతుల పెట్టి, ఆయన వేళ్ళు మూసింది.

“దీన్ని నీ కాడనే ఉంచుకో,” అన్నది గుసగుసగ. “పిల్లగాడు పుట్టినంక... దీనితోని వాన్ని కొలువు.”